గెట్టు లేని పంట
(పెన్షనర్ల దినోత్సవ సభలో విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

ఇక్కడున్న మనం గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ నుంచి వచ్చినవాళ్లం. 2016 అక్టోబర్‌లో మనం మూడు జిల్లాలమైనా, మనలో చాలామంది ఉద్యోగం చేసింది ఒకే పాలమూరు జిల్లాలో. కనుక ఇంటివాళ్లతో మాట్లాడినట్టే మాట్లాడతాను. డి.ఎ. బకాయిల సంగతి కార్యదర్శిగారు చెబుతారు. నాకు తెలిసింది జీవశాస్త్రం ఒక్కటే.

మొన్న సెలవులకు వచ్చిన మనవరాలు "తాతా, నాచుతోని డీజిల్ తీస్తరట, నిజమేనా?" అని అడిగింది. నిజమే. నాచు కణాల్లో నూనె ఉంటుంది. ఎండ, నీరు, బొగ్గుపులుసు వాయువు, కాస్త ఎరువు ఉంటే పెరుగుతుంది. మంచి సాగుభూమి అక్కరలేదు. ఆ నూనె పాళ్లు పెంచడానికి నాచు జన్యువులను మార్చే ప్రయత్నాలు జరిగాయి. అమెరికాలో ఎక్సాన్ మొబిల్, సింథటిక్ జీనోమిక్స్ కంపెనీలు 2009లో చేతులు కలిపాయి. ఒక రకం నాచులో నూనెను 20 శాతం నుంచి 40 శాతం పైకి తెచ్చామని 2017లో ప్రకటించాయి. 2023 నాటికి ఎక్సాన్ ఆ పని నుంచి తప్పుకొంది. అయినా ఆ విద్య ఆగిపోలేదు.

అమెరికా నాచుతో మనకేం పని అని మీరు అడగవచ్చు. జీవ ఇంధనం మన గడప దాకా వచ్చింది. 2025 జూన్‌లో రాజోలి మండలం పెద్ద ధన్వాడలో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని ఊరివాళ్లు ఆందోళనకు దిగిన సంగతి మీకు తెలుసు. అది నాచు ఫ్యాక్టరీ కాదు. కానీ ఎండ, కృష్ణ నీళ్లు, బీడు భూములు ఉన్నచోటికి రేపు నాచు మడుగులు రావని ఎవరూ చెప్పలేరు. పైగా జన్యువు మార్చిన మొక్కతో కాపురం చేసిన అనుభవం మనకున్నంతగా చాలామందికి లేదు.

బీటీ పత్తికి కేంద్ర కమిటీ అనుమతి ఇచ్చింది 2002 మార్చి 26న. నేలలో ఉండే ఒక బాక్టీరియా జన్యువును పత్తిలో పెట్టారు. ఆ ఆకు, కాయ తిన్న కాయతొలుచు పురుగు చస్తుంది. కృష్ణా తుంగభద్రల నడుమనున్న మన నడిగడ్డ ఆ విత్తనాలు పండించే కేంద్రమైంది. మధ్యాహ్నం మొగ్గల్లో మగ భాగం తీసేయడం, మర్నాడు పొద్దున మగ పూలు తెచ్చి రుద్దడం ఆ పని. క్రాసింగ్ కాలంలో నా తరగతిలో సగం బల్లలు ఖాళీగా ఉండేవి. పిల్లలంతా సీడు పత్తి చేలల్లో ఉండేవారు. ఇతర పత్తి పుప్పొడి పడితే విత్తనం చెడుతుందని ఆ పిల్లలకు కూడా తెలుసు. పుప్పొడికి గెట్టు లేదు గదా!

ఇక నా తప్పు చెప్పుకుంటాను. మా నాలుగెకరాల్లో నేనూ బీటీ పత్తి వేశాను. 450 గ్రాముల ప్యాకెట్టుతో 120 గ్రాముల మామూలు పత్తి గింజల పొట్లం వచ్చేది. దాన్ని చుట్టూ సాళ్లలో విత్తాలి. కారణం చెబుతాను. బీటీని తట్టుకొని బతికే పురుగులు ఎక్కడో ఒకటీ రెండూ ఉంటాయి. పక్కన మామూలు పత్తి మీద పెరిగిన పురుగులుంటే, వాటితో జతకట్టి పుట్టే సంతతిలో ఆ తట్టుకునే శక్తి పలచబడుతుంది. పదో తరగతికి ఏటా పరిణామ సిద్ధాంతం చెప్పిన నేను, దిగుబడి తగ్గుతుందని ఆ పొట్లాన్ని గట్టు మీద పారేశాను. ఊరంతా అదే చేసింది. బడిపంతులే పారేస్తుంటే మిగతావాళ్లను అనేదేముంది? గుజరాత్‌లో గులాబీ రంగు పురుగు మొదటి రకం బీటీని తట్టుకుంటోందని 2010లో బయటపడింది. రెండు జన్యువుల రకాన్ని కూడా అది తర్వాత జయించింది. 2017లో మా చేలో కాయ విప్పితే ఆ పురుగే కనబడింది. ఆ పంటకు కూలి ఖర్చు కూడా రాలేదు.

ఇందులో గమనించవలసిన విషయం ఒకటుంది. సీడు పత్తి విత్తనాన్ని మొలకెత్తించి శుద్ధి పరీక్ష చేస్తారు. అది ఫెయిలయితే రైతుకు డబ్బు రాదు. కనుక దాన్ని చూసేవాళ్లు ఎందరో. కానీ ఆ చిన్న పొట్లం విత్తావా అని మా గట్టు మీదికొచ్చి అడిగినవాళ్లు ఒక్కరు లేరు. డబ్బున్నచోట తనిఖీ ఉంది, జాగ్రత్త ఉన్నచోట తనిఖీ లేదు. గడ్డిమందు కొట్టినా చావని పత్తి కూడా, అనుమతి లేకుండానే, 2017 నాటికి మన రాష్ట్రంలో దొరికింది.

పత్తికే ఇంత జరిగితే నాచు మాటేమిటి? దాని కణం కంటికి కనబడదు. గాలికి పోతుంది, కొంగ కాలికి అంటుకొని పోతుంది. అమెరికాలోని శాన్‌డియేగోలో ఉన్న కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారు శాఫైర్ కంపెనీతో కలిసి, ప్రభుత్వ అనుమతితో, జన్యువు మార్చిన నాచును 50 రోజులు ఆరుబయట పెంచి 2017లో ఫలితాలు ప్రకటించారు. అది చుట్టూ పెట్టిన నీటి తొట్లలోకి చేరింది. అయితే స్థానిక నాచును తోసెయ్యలేదు. ఈ రెండు మాటలూ మనం గుర్తుంచుకోవాలి. భయపడి పారిపోనక్కరలేదు. అట్లని 50 రోజుల పరీక్షను యాభై ఏండ్ల హామీగా తీసుకోకూడదు.

మన చెరువులు గొలుసుకట్టు. ఒకదాని అలుగు మరొకదానికి వాగు. 2019 డిసెంబర్ 31న వనపర్తి వైపు సరళాసాగర్ కట్ట తెగితే నీళ్లు రామన్‌పాడు దిక్కు పరుగెత్తాయి. అటువంటి నీళ్లలో నాచు పోతే వెనక్కి తెచ్చేదెవరు?

నేను వద్దనడం లేదు. ఇక్కడ కూర్చున్న షుగరు మిత్రులు పొద్దున వేసుకునే ఇన్సులిన్ జన్యువు మార్చిన సూక్ష్మజీవులు చేసిందే. కానీ వాటిని మూసిన పాత్రల్లో పెంచుతారు. తెరిచిన మడుగు వేరు.

దీనికి చట్టం లేకపోలేదు. 1986 పర్యావరణ చట్టం కింద 1989లో వచ్చిన నియమాల్లో సూక్ష్మజీవుల జాబితాలో నాచు పేరు కూడా ఉంది. కలెక్టరు అధ్యక్షతన జిల్లా కమిటీ ఉండాలని ఆ నియమాలే చెబుతున్నాయి. 2012 అక్టోబర్‌లో హైదరాబాద్‌లోనే ప్రపంచ దేశాలు జీవభద్రత ఒప్పందంపై సమావేశమయ్యాయి. కాగితం మనకు కొదువ లేదు. కావలసింది గట్టు మీదికి వచ్చే మనిషి.

ఆ మనిషి మనమే ఎందుకు కాకూడదు? మనలో రెవెన్యూ, వ్యవసాయ, నీటిపారుదల శాఖల్లో పనిచేసినవారున్నారు. ఫైలు ఎట్లా నడుస్తుందో మనకు తెలుసు. రేపు ఎవరైనా ఇటువంటి మడుగులు పెడతామని వస్తే అడగండి: మూసినవా, తెరిచినవా? వరదొస్తే ఏం చేస్తారు? చుట్టుపక్కల చెరువుల నీళ్లు ఎవరు, ఎన్నేండ్లు పరీక్షిస్తారు? నష్టమైతే ఖర్చెవరిది? అంతకన్నా ముందు, మూడు జిల్లాల్లోనూ ఆ కమిటీ కూర్చుంటున్నదా అని ఒక దరఖాస్తు పెడదాం. మొదటి సంతకం నేను చేస్తాను. పారేసిన ఆ పొట్లానికి నేను చెల్లించగలిగింది అంతే.