పండుగ ముందే పరీక్ష
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మేము బడి పంతుళ్ళం. మా స్టాఫ్ రూమ్ గోడకు రెండు జాబితాలు ఉంటాయి. ఒకటి పండుగ సెలవులది. రెండోది అసెంబ్లీలో పిల్లలకు చెప్పాల్సిన ప్రత్యేక దినాలది. మార్చి 24 క్షయ దినం, జూన్ 14 రక్తదాతల దినం, నవంబరు 14 మధుమేహ దినం, ఇలా. రెండూ పక్కపక్కనే ఉన్నా ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా గడిచిపోతుంటాయి. వాటిని కలపడం ఎందుకు అవసరమో, అందులో మీ విరాళం పాత్ర ఏమిటో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ఆరోగ్య దినాల తేదీలకు కారణాలున్నాయి. 1882 మార్చి 24న రాబర్ట్ కాక్ క్షయ క్రిమిని కనుగొన్నట్లు ప్రకటించారు. రక్తం గ్రూపులను కనుగొన్న లాండ్‌స్టీనర్ 1868 జూన్ 14న పుట్టారు. ఇన్సులిన్‌ను కనుగొన్నవారిలో ఒకరైన బాంటింగ్ 1891 నవంబరు 14న పుట్టారు. ఆ రోజే మనకు బాలల దినోత్సవం కూడా. పొద్దున తీపి తగ్గించమని చెప్పిన చోటే మధ్యాహ్నం చాక్లెట్లు పంచుతారు. పిల్లలు నవ్వుకుంటారు.

ఈ తేదీలు కదలవు. మన పండుగలు కదులుతాయి. హిజ్రీ సంవత్సరానికి సుమారు 354 రోజులే కనుక రంజాన్ ఏటా దాదాపు 11 రోజులు ముందుకు జరుగుతుంది. 2024లోనూ, 2025లోనూ క్షయ దినం రంజాన్ నెలలోనే వచ్చింది. మధుమేహ దినం మాత్రం 2030ల మధ్యదాకా రంజాన్‌లో రాదు. నవంబరులో ర్యాలీ తీసి చెప్పిన జాగ్రత్త, నెలల తర్వాత ఉపవాసం పట్టే పెద్దావిడకు ఎంతవరకు గుర్తుంటుంది?

మా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె వాళ్ళ నానీ సంగతి చెప్పింది. ఆమె షుగర్ మాత్ర సహరీ వేళ ఎప్పటిలాగే వేసుకుని రోజా ఉన్నారు. అసర్ నమాజు వేళకు చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడింది. ఉపవాసం నీరసం అనుకుని ఇంట్లోవాళ్ళు పడుకోబెట్టారు. పక్కింటి వెంకాయమ్మగారు తమ ఇంట్లో షుగర్ రోగి ఉండటం వల్ల ఆ లక్షణాలు గుర్తుపట్టి, చక్కెర నీళ్ళు తాగించారు. నానీ కోలుకున్నారు. ఆ పూట పక్కింటి ఆమె ఊళ్ళో లేకపోతే ఏమయ్యేదో మనం ఊహించుకోవచ్చు.

మన ధర్మం ఇక్కడ అడ్డు కాదు. రోగికి ఉపవాసాన్ని వాయిదా వేసుకునే సడలింపు ఖురాన్‌లోని బఖరా సూరాలోనే ఉంది. కోలుకునే ఆశ లేనివారికి ఫిద్యా మార్గం ఉంది. వేలి నుంచి చుక్క రక్తం తీసి షుగర్ చూసుకుంటే రోజా భంగం కాదని ఎక్కువమంది ఆలింలు చెబుతున్నారు. డాక్టర్ల మాట కూడా స్పష్టమే. షుగర్ 70 కంటే తగ్గినా, 300 దాటినా వెంటనే ఉపవాసం విరమించాలి. మందు మోతాదు, వేళలు రంజాన్‌కు ముందే డాక్టరుతో మాట్లాడి మార్చుకోవాలి. ముందే అన్నమాట ముఖ్యం. నెలవంక కనబడ్డాక పరుగెత్తితే ఆలస్యమవుతుంది.

ఇది మన ఒక్కరి సమస్య కాదు. నవంబరు 14 చాలా ఏళ్ళలో కార్తీకమాసంలో పడుతుంది. సోమవారాలు ఉపవాసం ఉండే తల్లులు మన వీధుల్లో ఎందరో. ఈస్టర్‌కు ముందు నలభై రోజులు క్రైస్తవ కుటుంబాల్లోనూ ఉపవాసాలుంటాయి. షుగర్ ఏ మతం వాళ్ళనీ విడిచిపెట్టదు.

మన నెల్లూరువాళ్ళకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. ముహర్రంలో బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో ఆరోగ్య రొట్టె పట్టుకునేవాళ్ళలో అన్ని మతాలవాళ్ళూ ఉంటారు. ఆ నమ్మకాల మీద చర్చ ఇక్కడ మన పని కాదు. ఆరోగ్యం కోసం అంతమంది ఒకచోటికి వస్తున్నారన్నదే మనం చూడాల్సింది. బ్యానరు కట్టి జనాన్ని పిలవడం కంటే, జనం వచ్చే చోటికి పరీక్షను తీసుకెళ్ళడం తేలిక.

క్షయకూ అంతే. సాధారణంగా ఆరు నెలలు మందులు వాడాలి. ఉపవాసమని మధ్యలో మానేస్తే జబ్బు మొండికేస్తుంది, ఇంట్లో పిల్లలకూ సోకుతుంది. రక్తం సంగతి చూడండి. తలసీమియా ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. మన యువకులు ఉపవాసాల్లో ఉన్నారని ఆ పిల్లల అవసరం ఆగదు.

కాబట్టి దాతలకు మా విన్నపాలు మూడు. మొదటిది, షాబాన్ నెల మొదట్లోనే, అంటే రంజాన్‌కు సుమారు నాలుగు వారాల ముందు, షుగర్, బీపీ పరీక్షా శిబిరం పెడదాం. మతం అడగొద్దు. పేరు, మందు, వేళలు రాసిన కార్డు ఒకటి చేతికిద్దాం. ఆ కార్డు పట్టుకుని రంజాన్‌లో వారానికోసారి ఇంటికెళ్ళి పలకరించే బాధ్యత మా పై తరగతుల పిల్లలతో కలిసి మేము తీసుకుంటాం. రెండోది, రక్తదాన శిబిరం షాబాన్‌లో ఒకసారి, ఈద్ తర్వాత ఒకసారి. మూడోది, కార్తీకమాసానికి, క్రైస్తవుల ఉపవాస దినాలకు ముందు అదే పరికరాలతో గుడి కమిటీవాళ్ళ దగ్గరకు, చర్చి పెద్దల దగ్గరకు మనమే వెళ్దాం.

డబ్బు విషయంలో ఒక జాగ్రత్త. జకాత్‌కు ఎనిమిది వర్గాలు నిర్ణయించి ఉన్నాయి. పేద ముస్లిం రోగి మందులకు జకాత్ నిధి వాడదాం. అందరికీ తెరిచిన శిబిరాల ఖర్చుకు సదకా, సాధారణ విరాళాలు వేరుగా లెక్క రాద్దాం. ఏ పద్దు ఎక్కడిదో వచ్చే ఏడాది సంచికలో అచ్చు వేస్తే ఇచ్చినవారికీ తృప్తి.

ఫ్లెక్సీకి, పూలదండలకు అయ్యే ఖర్చు ఈసారి పరీక్ష స్ట్రిప్పులకు మళ్ళించండి. ఇఫ్తార్ విందు ఇవ్వండి, పుణ్యమే. ఆ విందుకు వచ్చిన పెద్దలు ఈద్ నమాజుకు కూడా ఆరోగ్యంగా నడిచి రావాలని మన కోరిక.

అల్లాహ్ మీ దానాలను స్వీకరించుగాక.