ఆన్‌లైన్ అమ్మకం: కౌలు లెక్కా, పాలు లెక్కా?

(మండల శిక్షణ తరగతిలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



1999లో రైతుబజార్లు మొదలైనప్పుడు మనకు అన్నిటికన్నా నచ్చింది మధ్యలో కమిషన్ లేకపోవడం. ఇప్పుడు మన ఉత్పత్తిదారుల సంఘాలు, చదువుకున్న మన పిల్లలు మామిడిపండ్లు, కారం, పసుపు ఫోన్‌లోనే అమ్ముతున్నారు. మధ్యవర్తి పోయాడనుకునేలోపే యాప్ వచ్చింది. దానికి ఏ లెక్కన చెల్లించాలన్నదే ఇవాళ్టి మన చర్చ.

కొన్ని కంపెనీలు అమ్మిన సొమ్ములో ఇంత శాతం తీసుకుంటాయి. కొన్ని నెలకో, ఆర్డరుకో ఇంత అని స్థిరంగా తీసుకుంటాయి. ఇది మనకు తెలిసిన సంగతే. శాతం అంటే పాలుకు చేయడం, స్థిర ఫీజు అంటే కౌలుకు చేయడం. పంట పోయినా కౌలు కట్టాల్సిందే. పాలైతే పండిన దాంట్లోనే వాటా.

లెక్క వేద్దాం. ఒక యాప్ నూటికి పది, మరొకటి నెలకు 1,500 రూపాయలు అడుగుతోందనుకుందాం. నెలకు 15,000 అమ్మితే రెండూ సమానం. అంతకు మించితే నెల ఫీజే చవక. కానీ మామిడి అమ్మేది మూడు నెలలే. పన్నెండు నెలలకు కట్టే 18,000 గిట్టాలంటే ఆ మూడు నెలల్లోనే 1,80,000 అమ్మాలి. ఈదురుగాలికి కాయ రాలుతుంది, ఫీజు రాలదు.

ఆర్డరుకు 30 రూపాయలంటే తక్కువే అనిపిస్తుంది. 150 రూపాయల కారం ప్యాకెట్ మీద అది నూటికి 20. అదే 900 రూపాయల పండ్ల పెట్టె మీద నూటికి మూడున్నర లోపే.

అలాగని శాతమే మేలని తొందరపడొద్దు. యార్డులో హమాలీ బస్తాకు ఇంత తీసుకుంటాడు. మిర్చి ధర పెరిగినా అతని కూలి పెరగదు. కమిషన్ మాత్రం ధరతోపాటు పెరుగుతుంది. 600 పలికిన పెట్టె 900 పలికితే పది శాతం కింద 60 కాస్తా 90 అవుతుంది. పెట్టె అదే, బరువు అదే, వాళ్లు చేసిన పనీ అదే. పాలుకిచ్చిన ఆసామి కొన్నిచోట్ల విత్తనం, ఎరువుల ఖర్చు పంచుకుంటాడు. యాప్ మన పెట్టుబడిలో పైసా పెట్టదు. నష్టానికి అమ్మినా దాని వాటా దానికి పోవాల్సిందే. ఏ పద్ధతిలోనైనా ఫీజు మీద 18 శాతం జీఎస్టీ అదనం. నూటికి పది అన్నది 11.80 అవుతుంది.

మన సూచన ఇది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు, కొద్దిగా అమ్మేవాళ్లు శాతం పద్ధతి ఎంచుకోండి. పదిమంది కలిసి ఒకే ఖాతా మీద అమ్మితే 1,500 ఫీజులో తలా 150 పడుతుంది. అప్పుడు నెల ఫీజు మాట్లాడుకోండి.

మన డిమాండ్లు మూడు. సీజన్ లేని నెలలకు ఫీజు ఉండకూడదు. శాతం ఎంతైనా పెట్టెకు ఇంతకు మించి తీసుకోరాదన్న పరిమితి ఉండాలి. యార్డులో తక్‌పట్టీ ఇచ్చినట్టు ప్రతి కోతనూ ఒకే కాగితం మీద తెలుగులో చూపాలి.

ఒప్పందానికి సరేననే ముందు నిరుటి అమ్మకాల పుస్తకం తీయండి. లెక్క మన చేతిలో ఉంటేనే బేరం మన చేతిలో ఉంటుంది.