నాన్న నోటు, అమ్మ వేలిముద్ర
(మండల మహాసభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంటాయన పోయాక మిగిలే అప్పు గురించి మాట్లాడమన్నారు. మద్దతు ధర మీద మాట్లాడితే చప్పట్లు కొడతాం, దీని మీద మాట్లాడితే తల దించుకుంటాం. అయినా మాట్లాడాలి. మన ఊళ్లలో ఈ అప్పు కోర్టులో తేలడం లేదు. పదకొండో రోజున వాకిట్లో వేసిన షామియానా కింద తేలుతోంది.

భోజనాలయ్యాక నలుగురు పెద్దమనుషులు కూర్చుంటారు. అప్పిచ్చినవాళ్లు నోట్లు పట్టుకొస్తారు. "నిన్ను ఇబ్బంది పెట్టంలే అమ్మా, నోటు పాతబడింది, నీ పేరున తిరగరాయి చాలు" అంటారు. ఆ మాటలో దయ ఉన్నట్టే ఉంటుంది. కొడుకు కూడా పరువుకు భయపడి "పెట్టమ్మా" అంటాడు. పది రోజులుగా సరిగా అన్నం ముట్టని మనిషి వేలిముద్ర వేస్తుంది. అక్కడితో వడ్డీ అసల్లో కలిసిపోయింది, నాన్న అప్పు అమ్మ అప్పు అయింది.

ఈ తేడా ఎంతటిదో చూడండి. చనిపోయిన మనిషి అప్పుకు వారసులు బాధ్యులే, కానీ ఆయన వదిలిపోయిన ఆస్తిలో తమకు వచ్చినంత మేరకే. సివిల్ ప్రొసీజర్ కోడ్ 50, 52 సెక్షన్లు చెప్పేది ఇదే. అమ్మ సంతకం లేని నోటుకు ఆమె పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద ఇచ్చిన ఎకరం జవాబు చెప్పనక్కర్లేదు. ఆమె ఒంటి మీది బంగారమూ చెప్పనక్కర్లేదు. కొత్త నోటు మీద వేలు పడిందా, అవన్నీ బరిలోకి వస్తాయి.

ఇంకొక సంగతి. మామూలు ప్రామిసరీ నోటుకు గడువు మూడేళ్లు. ఆ లోపల కొంత కట్టి, వెనక చెల్లు రాసి సంతకం పెడితే అక్కడి నుంచి మళ్లీ మూడేళ్లు లెక్క. గడువు దాటిన నోటును తిరగరాయడమంటే చచ్చిన అప్పును లేపి కూర్చోబెట్టడం. అందుకే ముందు నోటు మీది తేదీ చూడండి, నకలు అడగండి. నకలు ఇవ్వనివాడితో లెక్క మాట్లాడేది లేదు.

అప్పు ఎగ్గొట్టమని చెప్పడం లేదు. ఎరువుల కొట్టు ఆయన ఖాతా ఇచ్చాడు, నాన్న వాడుకున్నాడు, అది కట్టాల్సిందే. కట్టే పద్ధతి మనది కావాలి, అంతే. ఆ రోజున చెప్పాల్సింది ఒకటే మాట: "నెల రోజులు ఆగండి, లెక్క చూసుకుని మేమే వస్తాం." ఈ మాట అమ్మతో చెప్పించకండి. కొడుకో, కూతురో, అల్లుడో చెప్పాలి. కూతురంటే గుర్తొచ్చింది, ఆస్తిలో ఆమెకూ సమాన వాటా ఉంది. లెక్క చూసేటప్పుడు ఆమెనూ పిలవండి.

ఇక ఇద్దరూ కలిసి చేసిన అప్పులున్నాయి. ట్రాక్టర్ లోనులో అమ్మ హామీ సంతకం ఉండొచ్చు. ఇంటి లోను ఇద్దరి పేరునా ఉండొచ్చు. డ్వాక్రా అప్పు ఎలాగూ ఆమెదే. మైక్రో ఫైనాన్సులో ఆమె పేరున తీసుకుని ఆయనతో సంతకం పెట్టించి ఉంటారు. ఇక్కడ ఆస్తి మేరకు అనే మాట పనికిరాదు. సంతకం చేసిన మనిషి మొత్తానికీ బాధ్యురాలు. కాబట్టి ప్రతి లోనుకూ వెళ్లి సంతకాలు ఎవరివో చూడాలి. అక్కడే ఇంకో ప్రశ్న వేయాలి: ఈ లోను మీద బీమా కట్టించుకున్నారా? చాలా లోన్లలో మొదటి రోజే ప్రీమియం కోసుకుంటారు. ఆ సంగతి ఇంట్లో తెలియదు, అడగందే వాళ్లు చెప్పరు. కాగితం మీద రాసిచ్చి రసీదు తీసుకోండి. జవాబు వచ్చేదాకా కిస్తీ ఆపకండి, ఆపితే భారం అమ్మ మీద పడుతుంది.

నాన్న బ్యాంకు పుస్తకం తిరగేయండి. మే నెల చివర్లో 436 రూపాయలు కోసి ఉంటే అది జీవనజ్యోతి బీమా, రెండు లక్షలు. 20 రూపాయలు కోసి ఉంటే సురక్షా బీమా, ప్రమాదంలో పోయినవాళ్లకు రెండు లక్షలు. క్లెయిము నెలలోపే వేయండి. పట్టా ఉండి వయసు 18 నుంచి 59 లోపు అయితే రైతుబీమా ఐదు లక్షలు, ఏఈఓను కలవాలి. ఈ డబ్బు వస్తుందని మనకన్నా ముందు వడ్డీ వ్యాపారికి తెలుస్తుంది. అమ్మ ఖాతాలో పడ్డ వారానికే వాటాలు వేయకండి.

పోయిన మనిషి ఏటీఎం కార్డుతో డబ్బు తీయకండి. పీఎం కిసాన్ కిస్తీ పడినా తీయొద్దు, తర్వాత వెనక్కి కట్టమంటారు. మరణ ధ్రువీకరణ పత్రం, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం నాలుగైదు నకళ్లు తీసి పెట్టుకుని, ఫౌతి కింద భూమి పేరు మార్పుకు దరఖాస్తు పెట్టండి. అది కాకపోతే కొత్త పంట రుణం రాదు.

ఏది ముందు కట్టాలి? గట్టిగా అరిచినవాడికి ముందు కడుతున్నాం. అది తప్పు. పంట రుణం మూడు లక్షల వరకు, గడువులో కడితే వడ్డీ 4 శాతం. అంటే లక్షకు ఏడాదికి నాలుగు వేలు. నూటికి రెండు రూపాయల ప్రైవేటు అప్పు లక్షకు ఏడాదికి ఇరవై నాలుగు వేలు. పంట రుణం గడువు దాటనివ్వకుండా చూసుకుని, మిగిలిన ప్రతి రూపాయీ ఎక్కువ వడ్డీ అప్పులో అసలు కిందికి పోవాలి. బంగారం తాకట్టు ఉంటే వేలం నోటీసు వచ్చేదాకా ఆగకండి.

మాట కుదరకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు, 1987 చట్టంలోనే ఉంది. లోక్ అదాలత్‌లో రాజీ అయితే అది కోర్టు డిక్రీతో సమానం. కాబట్టి అక్కడ సంతకం పెట్టే ముందు కట్టగలిగే కిస్తీయేనా అని రెండుసార్లు లెక్క వేసుకోవాలి. బ్యాంకు, ఫైనాన్సు వసూలు మనుషులు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్లు చేయకూడదని రిజర్వు బ్యాంకు చెప్పింది. చేస్తే ఆ టైము రాసి పెట్టుకోండి.

ఇంతసేపూ పట్టా ఉన్న ఇంటి సంగతే చెప్పాను. కౌలు రైతు పోతే రైతుబీమా లేదు, పంట రుణం దొరికినవాళ్లే తక్కువ, ఉన్నదంతా ప్రైవేటు అప్పు, పైగా చేలో పంట. ఆ పంట కోసుకునే హక్కు ఎవరిదని భూమి యజమాని అడుగుతాడు. కౌలుదార్లకు గుర్తింపు కార్డులివ్వాలని 2011లో ఉమ్మడి రాష్ట్రంలోనే చట్టం చేశారు. కార్డు చేతిలో ఉన్నవాళ్లు ఈ సభలో ఎందరున్నారో చేతులెత్తండి... చూశారుగా. వచ్చే నెల తహసీల్దారు ఆఫీసు దగ్గర ధర్నాలో మన మొదటి డిమాండు ఇదే కావాలని ప్రతిపాదిస్తున్నాను. ఈలోగా కౌలు మాట తెల్లకాగితం మీదైనా రాయించుకోండి, అందులో భార్య పేరు కూడా పెట్టించండి.