వెనుక కూర్చున్నవారికిని పట్టీ కావలెను

(నూజివీడు ప్రాంతమున మామిడి రైతుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



మామిడి కోతల కాలము వచ్చినది. ఈ రెండు మూడు నెలలు మీకు తీరిక యుండదని మే మెరుగుదుము. చిన్నరసములు, పెద్దరసములు, బంగినపల్లి, కలెక్టరు కాయలు చెట్టు దిగి నున్న మార్కెట్టునకు ప్రయాణము కట్టు రోజులివి. కనుక దీర్ఘోపన్యాసమునకు పూనుకొనము. ఈ సభకు వచ్చుచు ఊరి మొదట చింతచెట్టు నీడన నిలిచియున్న పాత మెటాడోర్ వ్యానును చూచితిమి. దానిని గూర్చియే నాలుగు మాటలు చెప్పుదుము.

ఆ వ్యాను మీ గ్రామపు వృద్ధరైతు ఒకరిది. 1980ల నాటి బండి. దానిని చేసిన బజాజ్ టెంపో కంపెనీ పేరే 2005లో ఫోర్స్ మోటార్స్‌గా మారిపోయినది. బండి మాత్రము ఇంకను చక్కగా నడచుచున్నది. యజమాని శ్రద్ధ అట్టిది. కాపు కాలమున ఆయన సకుటుంబముగా అందులో తోటకు పోయి, రాత్రులు అందే పరుండును. వెనుక రెండు ప్రక్కల కొయ్యబల్లలు, నడుమ పలక వేసినచో మంచము, ఒక మూల స్టవ్వు, మంచినీళ్ల బిందె. పట్టణములలో కొందరు లక్షలు పోసి చేయించుకొను సంచార గృహములకు ఇది యేమియు తీసిపోదు.

లోపల చూడగా బల్లలకు క్రొత్త సీటు బెల్టులు కనబడినవి. "మనవళ్ల కోసం వేయించాను బాబూ" అని ఆయన సంతోషముగా చెప్పినారు. మేమును సంతోషించితిమి. కాని బల్ల క్రింద చేయి పెట్టి చూచిన పిదప ఆ సంతోషము నిలువలేదు. బెల్టుల కొసలు కొయ్యపలకకు చిన్న మరమేకులతో బిగింపబడియున్నవి. ఆ పలకయైనను బండి అడుగునకు గట్టిగా అంటుకొని లేదు. సంగతి చెప్పగా ఆయన కొంతసేపు మాటలాడలేదు. "అయితే ఇన్నాళ్లూ పిల్లల్ని వట్టి గుడ్డపీలికతో కట్టానన్నమాట. సభలో చెప్పండి. నాబోటివాళ్లు ఇంకా ఉంటారు" అన్నారు. వారి అనుమతితోనే ఇది చెప్పుచున్నాము.

పొగరుబోతు కోడెను కట్టునప్పుడు మీరు పలుపు నొక్కదానినే చూచి ఊరకొనరు. గుంజను కదిపి చూతురు. గుంజ పుచ్చినదైనచో ఎంత క్రొత్త పలుపైనను కోడెతోపాటు గుంజయు పోవును. సీటు బెల్టు సంగతియు నంతే. పాత బండికి బెల్టు వేయించుట యనగా బెల్టు కొనుట కాదు; దానికి గుంజ పాతుట.

ఆ గుంజ ఎంత బరువు నాపవలెనో లెక్క చూడుడు. గంటకు 40 కిలోమీటర్ల వేగముతో పోవు బండి చెట్టునకు కొట్టుకొని ఆగినదనుకొందము. బండి ఆగును గాని, వెనుక పట్టీ లేక కూర్చున్నవాడు ఆగడు. అదే వేగముతో ముందుకు పోవును. ఇరువది అడుగుల ఎత్తున నున్న మామిడికొమ్మ నుండి జారి నేలబడినవాని వేగ మెంతో ఇదియు నంతే. 60 కిలోమీటర్లయినచో నలుబదియైదు అడుగుల తాటిచెట్టు నుండి పడినట్లు. కాయకోతలో కొమ్మ విరిగి పడినవారిని మీరు చూచియుందురు గనుక ఇంతకంటె వివరింప నక్కరలేదు. ఆ మనిషిని ఒక్క అడుగు దూరములో ఆపవలెనన్నచో అతని బరువునకు ఇరువది రెట్ల బలము కావలెను. 60 కిలోల మనిషికి 1200 కిలోలు. అనగా 75 కిలోల ధాన్యపు బస్తాలు 16. మరమేకు లాపునా?

"బిడ్డ నా ఒడిలో నున్నది, గట్టిగా పట్టుకొందును" అని తల్లు లందురు. పది కిలోల పసిబిడ్డ ఆ క్షణమున రెండువందల కిలోల బరువగును. ఏ తల్లి చేతులును ఆపలేవు. తానును పట్టీ లేక యున్నచో తన బరువుకూడ బిడ్డమీదనే పడును. ఇరువురిని కలిపి ఒకే పట్టీలో కట్టుటయు ఇట్టి ప్రమాదమే.

మేము పరులకు చెప్పుచున్నాము గాని, ఒకప్పుడు మేమును తెలియనివారమే. ఉద్యోగమున చేరిన క్రొత్తలో పాత ప్రచార వ్యానులో ఊరూర తిరుగుచుంటిమి. వెనుక ప్రక్కబల్లలు, వాని నడుమ ప్రొజెక్టరు పెట్టె, జనరేటరు. ఒకనాటి రాత్రి మలుపులో గేదె అడ్డము రాగా డ్రైవరు బ్రేకు వేసినాడు. బండి దేనికిని తగులలేదు. కాని బల్లమీది సహోద్యోగి ముందునకు విసరబడి పెట్టె అంచునకు కొట్టుకొనినాడు. దవడ యెముక విరిగినది. నేటికిని ఆయన గట్టి జంతిక కొరుకలేడు. ముందు కూర్చున్న మాకు చిన్న గీరయైనను లేదు. ఆనాటి నుండి ప్రయాణమునకు ముందు వెనుక నేమి కట్టియున్నదో, ఏది వదులుగా నున్నదో చూచుట మా కలవాటైనది. మీ వ్యానులోని స్టవ్వు, బిందె, మామిడి పెట్టెలు కూడ అట్లే ఎగిరి వచ్చును. వానిని త్రాళ్లతో కట్టుడు.

వెనుకసీటు క్షేమమని మనవారి నమ్మకము. 2022 సెప్టెంబరు 4వ తేదీన మహారాష్ట్రలో, పాల్ఘర్ వద్ద సూర్యా నది వంతెనపై, టాటా సన్స్ మాజీ అధ్యక్షుడు సైరస్ మిస్త్రీ మరణించిరి. కారు విలువగలది, పట్టీలున్నవి. వెనుక కూర్చున్న ఇరువురు వానిని పెట్టుకొనలేదు, ఇరువురును పోయిరి. ముందు నున్న ఇరువురు గాయములతో బ్రతికిరి.

ఇక పని చేయించు విధము. ప్రక్కబల్లలు సీటు బెల్టునకు తగినవి కావు. మనిషి ప్రక్కకు తిరిగి కూర్చున్నప్పుడు భుజముపట్టీ మెడకు బిగియును. కనుక ప్రయాణమున కూర్చొనుటకు ముందునకు తిరిగియుండు సీటు చేయించి, దాని కాళ్లను అడుగురేకునకు గాక, క్రింది అడ్డకమ్మీలకు బోల్టులతో బిగింపవలెను. మంచము రాత్రికే ఉండనిండు.

బెల్టు బోల్టు పలుచని రేకులో ఒంటరిగా నిలువరాదు. నిలిచినచో రేకును కాగితమువలె చించుకొని వచ్చును. రేకునకు క్రిందివైపున మూడంగుళముల పొడవు, రెండంగుళముల వెడల్పు, మూడు మిల్లీమీటర్లకు తక్కువ కాని మందముగల ఉక్కుపలక వేసి, దాని గుండ బోల్టు బిగింపవలెను. పలక అంచులు నునుపు చేయింపుడు. సామాన్యపు బోల్టు పనికిరాదు. బెల్టులకై చేసిన గట్టి ఉక్కు బోల్టే కావలెను. రంధ్రము వేయుటకు ముందు క్రింద డీజిలు ట్యాంకు, బ్రేకు గొట్టము, తీగలు లేవని చూడవలెను. తుప్పు విషయమున దాక్షిణ్యము వలదు. స్క్రూడ్రైవరు మొనతో పొడిచినప్పుడు రేకు లోనికి పోయినచో ముందు ఆ రేకును మార్పించుడు; బెల్టు మాట తరువాత.

నడుముపట్టీ తుంటి యెముకలపై క్రిందుగా నుండవలెను, పొట్టమీద కాదు. గర్భిణులు కడుపునకు క్రిందుగా పెట్టుకొనవలెను. భుజముపట్టీ పైకొస భుజమెత్తునకు తగ్గరాదు; తగ్గినచో వెన్నుపూసను క్రిందికి నొక్కును. అంత యెత్తున గట్టి స్తంభము లేనిచో ఇనుపచట్రము కట్టింపవలెను. ఇది ఊరి వెల్డింగు దుకాణముతో అగు పని కాదు. విజయవాడ ఆటోనగరులో చేయి తిరిగిన పనివా రున్నారు. ధర తగ్గునని ప్రమాదమునకు గురియైన కారునుండి ఊడదీసిన బెల్టును మాత్రము కొనకుడు. ఒకమారు బరువు లాగిన పట్టీలో నారలు సాగియుండును, పైకి కనబడదు.

మూడుచోట్ల బిగియు ఈ బెల్టును 1959లో వోల్వో కంపెనీ ఇంజనీరు నీల్స్ బొలీన్ రూపొందించెను. మన దేశమున ముందు సీట్లకు బెల్టులమర్చుట 1994లో తయారీదారులకు విధియైనది. అంతకుముందటి బండ్లలో అవి లేకపోవుట వింత కాదు. 2019 సవరణ చట్టము ప్రకారము పట్టీ లేక బండి నడపినను, పట్టీ పెట్టుకొననివారిని ఎక్కించుకొనినను జరిమానా 1000 రూపాయలు. పదునాలుగేండ్ల లోపు పిల్లలను గూర్చి ప్రత్యేకముగ చెప్పబడినది. సీట్లు మార్చుటకు ముందు రవాణా కార్యాలయమున అడిగి, అనుమతి కాగితముతో పని మొదలిడుడు. ఏబదేండ్లు దాటిన బండిని పురాతన వాహనముగ నమోదు చేయించుకొను నియమము 2021లో వచ్చినది గాని, అట్టి బండి నిత్యము తిరుగుటకు వీలులేదు. తోటకు పోవు బండికి అది పనికిరాదు.

మన పెద్దాయన బల్లకున్న బెల్టులను ఈ మధ్యాహ్నమే ఊడదీసిరి. మనవలు కొన్నాళ్లు బస్సులో తోటకు వత్తురట. వ్యాను ఇంకను చింతచెట్టు క్రిందనే యున్నది. మాయొద్ద టార్చిలైటు కలదు. సభ ముగిసిన వెంటనే అచటికి రండు. క్రింద దూరి అడుగురేకు ఎచట గట్టిగా నున్నదో, ఎచట పుచ్చినదో చూపుదుము. మీ బండ్లున్నచో వానినికూడ తీసికొనిరండు.