సరమ అడిగిన ప్రశ్న



నిన్న ప్రవచనానంతరము ఒక వృద్ధ భక్తురాలు నన్నొక ప్రశ్న అడిగినారు. తాము నివసించు భవనములో క్రింది అంతస్తువారి కుక్క గొలుసు లేకుండ మెట్లమీదనే తిరుగుచున్నదట. మొరుగుచు మీదికి వచ్చుటచేత రెండు మాసములుగా ఆమె ప్రాతఃకాల దర్శనమునకు రాలేకపోవుచున్నారు. యజమానికి చెప్పుకొనగా, "మా కుక్క ఏమీ చేయదండీ" అన్నారట. "ఇందుకు శాస్త్రమేమి చెప్పుచున్నది?" అని ఆమె అడుగగా, ప్రక్కనున్నవారు కొందరు నవ్విరి. నాకది నవ్వదగిన ప్రశ్నగా తోచలేదు.

మహాభారతకథ ఆరంభములోనే ఒక శునకము తగవు గలదు. జనమేజయుడు కురుక్షేత్రమున దీర్ఘసత్రము చేయుచుండగా సరమ కుమారుడైన సారమేయుడు అచ్చటికి వచ్చెను. ఈ సరమ సామాన్యురాలు కాదు. పణులు దాచిన గోవులను వెదకిపోయిన దేవశుని. ఋగ్వేద దశమమండలములో ఆమె సంవాదమే ఒక సూక్తముగా నున్నది. రాజసోదరులు శ్రుతసేనుడు, ఉగ్రసేనుడు, భీమసేనుడు ఆ పిల్లను కొట్టిరి. సరమ వచ్చి, నా బిడ్డ హవిస్సును నాకలేదు, కనీసము చూడనైన లేదు, ఏల కొట్టితిరని నిలదీసినది. ఒక్కరును బదులు పలుకలేదు. ఊహింపని భయము మీకు కలుగునని ఆమె శపించినది. శాంతి కొరకు రాజు వెదకివెదకి సోమశ్రవసుని పురోహితునిగా తెచ్చుకొనవలసి వచ్చెను.

కనుక కర్ర తీసుకొనుట, అన్నములో విషము కలుపుట వంటి ఆలోచనలు ఎవరికైన నుండిన విడిచిపెట్టవలెను. అది పాపము; 1960 నాటి జంతుహింసా నివారణ చట్టమును బట్టి నేరము కూడ.

మరి తప్పు ఎవరిది? యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయము దీనిని స్పష్టముగా చెప్పినది. కోరలు గల జంతువు, కొమ్ములు గల జంతువు మనుష్యుని బాధించునపుడు, ఆపగలిగియు ఆపని యజమాని ప్రథమసాహస దండము చెల్లింపవలెను. ఆ స్మృతి లెక్కలో అది 270 పణములు. బాధితుడు కేక వేసిన తరువాత కూడ ఊరకున్నచో రెండింతలు. గమనించితిరా? దండము శునకమునకు కాదు, స్వామికి. నేటి భారతీయ న్యాయసంహిత 291వ విభాగము కూడ పెంపుడు జంతువు విషయములో అజాగ్రత్త వహించినవారికి ఆరు మాసముల వరకు కారాగారము గాని, 5000 రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధించినది.

"ఏమీ చేయదు" అను మాట యజమానికి మాత్రమే తెలిసిన సత్యము. మోకాళ్ళనొప్పులతో మెట్లు దిగు డెబ్బదియేండ్ల ఆమెకు అది ఎట్లు తెలియును? కరవకపోయినను, బెదరి కాలు జారినచో తుంటియెముక విరుగును.

అమ్మా, మీరు మరల ఒకసారి, ఇరుగుపొరుగు ఇద్దరిని వెంటబెట్టుకొని, కోపము లేకుండ అడుగుడు. మెట్లమీద గొలుసు, వెంట ఒక మనిషి, ఇంతకుమించి కోరవలదు. వినకున్నచో భవన సంఘమువారికి వ్రాసి ఇండు. ఒకవేళ పన్ను తగిలినచో పసుపు, కారము పూయుట మాని, పదునైదు నిమిషములు సబ్బుతో, ధారగా పడు నీటితో కడిగి, ఆనాడే వైద్యశాలకు పోయి టీకా వేయించుకొనవలెను. నిన్న నవ్వినవారిలో ఆ భవనమువారు కూడ ఉన్నారని తెలిసినది. రేపు ఉదయము వారిలో ఒకరు ఆమె చేయి పట్టుకొని సుప్రభాతవేళకు తీసుకొనివత్తురుగాక.

రేపు సాయంకాలము ఉదంకోపాఖ్యానము చెప్పుకొందము.