పండక్కి పంచితే గంజాయి డబ్బు దానం అయిపోతుందా?

నర్సీపట్నం నుంచి మాట్లాడుతున్నాను. ధనుర్మాసం నడుస్తోంది. లంబసింగి చలి చూడ్డానికి వెళ్ళే బళ్ళు తెల్లవారుజామునే మన ఊరు దాటిపోతున్నాయి. వీధుల్లో హరిదాసులు తిరుగుతున్నారు. యూత్ వాళ్ళు చందా పుస్తకాలు బయటికి తీశారు. అంటే ఇది ఇచ్చే సీజన్. అందుకే ఈరోజు ఇవ్వడం గురించే మాట్లాడుకుందాం. కాకపోతే కొంచెం ఇబ్బందిగా ఉండే చోటు నుంచి మొదలుపెడతాను.

ఒక తమ్ముడు నాకు వాయిస్ మెసేజ్ పెట్టాడు. "అన్నా, అమెరికాలో గంజాయి పెంచేవాళ్ళు క్రిస్మస్‌కి పిల్లలకి బొమ్మలు పంచుతారట, పేదోళ్ళకి భోజనాలు పెడతారట. అక్కడ వాళ్ళని కేర్‌గివర్లు అంటారట. మన దగ్గర అదే మొక్క పెంచితే జైల్లో వేస్తారు. ఇదేం న్యాయం?" అని.

ప్రశ్న మంచిదే. నవ్వి వదిలేసేది కాదు. ఎందుకంటే ఇదే మాటని మన కుర్రాళ్ళ చెవిలో వేరేవాళ్ళు వేరే పని కోసం ఊదుతున్నారు. ఆ సంగతి తర్వాత చెప్తాను. ముందు అమెరికా సంగతి చూద్దాం.

అక్కడ కేర్‌గివర్ అంటే ఎవరు? మిషిగన్ రాష్ట్రం తీసుకుందాం. 2008లో అక్కడి జనం ఓటేసి వైద్య గంజాయి చట్టం తెచ్చుకున్నారు. డాక్టరు సర్టిఫై చేసిన రోగికి ప్రభుత్వం కార్డు ఇస్తుంది. ఆ రోగి తను పెంచుకోలేకపోతే ఒక మనిషిని పెట్టుకోవచ్చు. ఆ మనిషే కేర్‌గివర్. 21 ఏళ్ళు నిండాలి. పేరు రిజిస్టర్ అవ్వాలి. ఐదుగురు రోగులకి మించి చూసుకోకూడదు. ఒక్కో రోగికి 12 మొక్కలు, అవి కూడా తాళం వేసిన చోటే పెంచాలి. చూశారా, ఎవరు పెంచుతున్నారు, ఎవరి కోసం, ఎన్ని మొక్కలు, అన్నీ కాగితం మీద ఉంటాయి.

ఇలాంటివాళ్ళూ, గంజాయి షాపులవాళ్ళూ పండగ సీజన్‌లో బొమ్మలు, చలికోట్లు, థాంక్స్‌గివింగ్‌కి టర్కీ కోళ్ళు పంచడం అక్కడ ఉన్నదే. ఇందులో మంచి మనసూ ఉంది, మేమూ మంచోళ్ళమే అని ఊరికి చూపించుకోవాలనే ఆశా ఉంది. రెండూ ఉంటాయి, దాచక్కర్లేదు. మన దగ్గర అన్నదానం ఫ్లెక్సీ మీద ఫొటో వేయించుకునేవాళ్ళు లేరా ఏంటి?

కానీ ఆ కథకి అసలు మూలం బొమ్మలు కాదు, ఒక ముసలావిడ. పేరు మేరీ రాత్‌బన్. అందరూ బ్రౌనీ మేరీ అనేవారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో హోటల్లో వెయిట్రెస్‌గా పనిచేసేది. 1981లో మొదటిసారి అరెస్ట్ అయినప్పుడు ఆవిడకి 57 ఏళ్ళు దాటాయి. అప్పటికి ఆవిడ గంజాయి కలిపిన బ్రౌనీలు అమ్ముకునేది. దానికి కోర్టు సమాజ సేవ చెయ్యమని శిక్ష వేసింది. ఆ రోజుల్లోనే ఎయిడ్స్ వచ్చి ఊరిని కమ్మేసింది. కుర్రాళ్ళు ఎముకల గూళ్ళలా అయిపోతున్నారు. తిన్నది కడుపులో నిలవదు. చాలామందిని కన్నవాళ్ళే వదిలేశారు. ఈవిడ శాన్‌ఫ్రాన్సిస్కో జనరల్ హాస్పిటల్‌లో ఎయిడ్స్ రోగుల దగ్గర వాలంటీర్‌గా చేరింది. తన పింఛను డబ్బులతో పిండీ వెన్నా కొని, బ్రౌనీలు చేసి, ఊరికే పంచేది. తిన్నాక వికారం తగ్గి నాలుగు ముద్దలు లోపలికి వెళ్ళేవి. వాళ్ళని "నా పిల్లలు" అనేది. 1992లో ఆవిడ్ని మళ్ళీ అరెస్ట్ చేస్తే దేశమంతా గోల అయింది. అదే ఏడాది ఆగస్టు 25ని ఆ ఊరు బ్రౌనీ మేరీ రోజుగా ప్రకటించింది. 1996లో కాలిఫోర్నియా ఓటేసి వైద్య గంజాయిని ఒప్పుకుంది. 1999లో ఆవిడ పోయింది.

ఇంకో ముక్క కూడా వినండి, ఇది చాలామందికి తెలీదు. 2018లో కాలిఫోర్నియాలో గంజాయి అమ్మకాలు పూర్తిగా లీగల్ అయ్యాయి. అప్పుడేమైందో తెలుసా? పేద రోగులకి ఊరికే ఇచ్చే మందు మీద కూడా టాక్స్ పడింది. రూపాయి రాకపోయినా టాక్స్ కట్టాలి. దాంతో ఊరికే పంచే సంస్థలు కొన్ని మూతపడ్డాయి. గొడవ చేస్తే చేస్తే 2019లో కొత్త చట్టం తెచ్చి ఆ టాక్స్ తీసేశారు. ఆ చట్టానికి పెట్టిన పేరులో బ్రౌనీ మేరీ పేరు ఉంది. వ్యాపారం పెద్దదైతే దానం దానంతట అదే పెరుగుతుందని అనుకోకండి. ఒక్కోసారి వ్యాపారం కిందే దానం నలిగిపోతుంది.

సరే, ఇప్పుడు మన ఊరికి వద్దాం.

మన నర్సీపట్నం ఎక్కడుందో చూడండి. పైన చింతపల్లి, గూడెంకొత్తవీధి, ఆ వెనక ఒడిశా కొండలు. కింద తుని వైపు, తాళ్ళపాలెం వైపు హైవే. కొండ మీది కాఫీ, మిరియాలు, పసుపు, చింతపండు మన మీదుగానే దిగుతాయి. గంజాయి కూడా చాలాకాలం ఈ దారినే దిగింది. 2021 చివర్లో పోలీసులు ఆపరేషన్ పరివర్తన అని మొదలుపెట్టి వేల ఎకరాల తోటలు నరికేశారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో సుమారు 2 లక్షల కిలోల గంజాయిని ఒకేచోట తగలబెట్టారు. 2024 నవంబరులో ఈగల్ అని దీనికోసమే ప్రత్యేక విభాగం పెట్టారు.

ఆ 2 లక్షల కిలోలు ఏ క్యాన్సర్ రోగి కోసం పెంచారు? ఏ డాక్టరు రాసిచ్చాడు? ఎవరూ లేరు. అదీ తేడా. మొక్క ఒకటే అయినా దాని చివర రోగి ఉన్నాడా, ఏజెంటు ఉన్నాడా అన్నది చూడాలి.

ఈ వ్యాపారంలో ఎవరికి ఎంత మిగులుతుందో కూడా ఆలోచించండి. కొండ మీద పెంచే గిరిజన రైతుకి పెట్టుబడి వేరే ఊరి వ్యాపారి ఇస్తాడు, రేటూ వాడే చెప్తాడు. సరుకు దాటించేది మన కుర్రాళ్ళు. కారు ముందు ఒక బైకు వెళ్తుంది, చెక్‌పోస్ట్ ఉందో లేదో ఫోన్ చేసి చెప్పాలి. దాన్ని పైలటింగ్ అంటారు. ఒక ట్రిప్పుకి కొన్ని వేలు. కొత్త ఫోను, పండక్కి కొత్త బట్టలు వచ్చేస్తాయి. పట్టుబడితే ఆ పెద్దోడు ఫోన్ స్విచ్ఆఫ్. కోర్టు మెట్ల మీద కూర్చునేది అమ్మ.

చట్టం ఏం చెప్తుందో సూటిగా చెప్తాను, రాసుకోండి. ఎన్‌డీపీఎస్ చట్టం, 1985. కిలో లోపు గంజాయితో దొరికితే ఏడాది దాకా జైలు, లేదా 10 వేల దాకా జరిమానా, లేదా రెండూ. కిలో దాటి 20 కిలోల దాకా అయితే పదేళ్ళ దాకా. 20 కిలోలు దాటితే కనీసం పదేళ్ళు, 20 ఏళ్ళ దాకా వెయ్యొచ్చు, లక్షకి తగ్గకుండా జరిమానా. ఆ కేసుల్లో బెయిల్ చాలా కష్టం. "నేను సరుకు ముట్టుకోలేదు, బైకు మీద ముందు వెళ్ళానంతే" అంటే కుదరదు, కుట్రలో భాగం అంటారు. డబ్బు పెట్టినవాడికీ పదేళ్ళకి తక్కువ ఉండదు. ఆ డబ్బుతో కొన్న ఆస్తిని చుట్టాల పేరున పెట్టినా జప్తు చెయ్యొచ్చు. పెంచినా పదేళ్ళ దాకా శిక్ష. మన చట్టంలో కేర్‌గివర్ అనే మాటే లేదు.

అలాగని వైద్యం సంగతి అబద్ధం అనను. గంజాయిలోని పదార్థంతో, దాన్ని పోలిన పదార్థంతో చేసిన రెండు మందుల్ని కీమోథెరపీ వాంతులకి అమెరికా 1985లోనే ఒప్పుకుంది. కొన్ని అరుదైన మూర్ఛ జబ్బులకి 2018లో ఇంకో మందు వచ్చింది. 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి కమిషన్ గంజాయిని అతి ప్రమాదకరమైన మత్తుల పట్టిక నుంచి తీసేసింది. అప్పుడు మన దేశం కూడా తీసెయ్యమనే ఓటేసింది. జమ్మూలో ప్రభుత్వ ప్రయోగశాల లైసెన్సుతో పెంచి మందు కోసం పరిశోధిస్తోంది. ఇవన్నీ కొలత ఉన్న మందులు, డాక్టరు చూపున ఉన్న పనులు. సందు చివర పొట్లాం కట్టి అమ్మేదానికి కొలతా లేదు, పేరూ లేదు. "ఇది మందే రా, అమెరికాలో లీగల్" అని ఎవడైనా అంటే, "సరే, నీ రోగి ఎవరు?" అని అడగండి. జవాబు రాదు.

ఇప్పుడు దానం మాట. మా వీధి యూత్‌లో ఒక పద్ధతి ఉంది. చందా ఎవరిచ్చినా పుస్తకంలో పేరు, అంకె, సంతకం. ఒక సంక్రాంతికి ఒకాయన వచ్చాడు. 25 వేలు ఇస్తాను, డీజే పెట్టుకోండి, ముసలోళ్ళకి దుప్పట్లు కూడా పంచండి, కానీ నా పేరు రాయొద్దు అన్నాడు. ఆయన పని ఏంటో వీధిలో అందరికీ ఊహ ఉంది, రుజువు మాత్రం ఎవరి దగ్గరా లేదు. కుర్రాళ్ళలో సగం మంది తీసుకుందాం అన్నారు. "దుప్పట్లేగా, ముసలోళ్ళ చలి తగ్గుతుందిగా" అన్నారు. లెక్కలు చూసేది మా వీధి టైలర్ బాబాయి. ఆయన ఒక్కటే అన్నాడు: "గుప్తదానం అయితే హుండీలో వెయ్యమను. మన పుస్తకంలోకి వచ్చేదానికి పేరు ఉండాలి. పేరు చెప్పుకోలేని డబ్బు తీసుకుంటే రేపు మన పిల్లోణ్ణి బైకు మీద పంపమని అడుగుతాడు. అప్పుడు కాదని ఏ నోటితో అంటాం?" ఆ ఏడాది డీజే లేదు. ముగ్గుల పోటీ పెట్టాం, ఇంటికి ఇన్ని అని దుప్పట్లు పోగేశాం. కొత్తవి కొన్నే, పాతవి ఉతికినవి ఎక్కువ. ముసలోళ్ళు కప్పుకున్నారు.

బాబాయి మాట నాకు ఇప్పటికీ కొలబద్ద. బ్రౌనీ మేరీ తన పింఛను ఖర్చుపెట్టింది, అరెస్టూ తనే అయింది. ఇచ్చినదీ తనదే, పడిన కష్టమూ తనదే. మన దగ్గర ఆ పెద్దోడు లాభం తను ఉంచుకుని, జైలు మన కుర్రాడికి ఇచ్చి, మిగిలిన చిల్లరతో దుప్పట్లు పంచుతాడు. ఆ దుప్పటి ఖరీదు ఎవరో ఒకళ్ళ కొడుకు ముందే కట్టేశాడు.

మరి మనం ఏం చెయ్యొచ్చు? కేర్‌గివర్ అనే మాటని తెలుగులో చెప్పండి. తోడు ఉండేవాళ్ళు. ఆ తోడు మన ఊళ్ళో చాలా కరువు. కొండ మీద నుంచి క్యాన్సర్ రోగి విశాఖ వెళ్ళాలి. అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది, ముంబై టాటా ఆస్పత్రి తరఫున నడిచేది. వైద్యం ఉంది సరే. బస్సు ఛార్జీ? తోడు వచ్చిన మనిషి భోజనం? కౌంటర్ దగ్గర తెలుగు బోర్డు చదివి చెప్పేవాళ్ళు? నొప్పి భరించలేని దశలో డాక్టరు రాసే మార్ఫిన్ మాత్ర ఉంటుంది. 2014లో ఇదే ఎన్‌డీపీఎస్ చట్టాన్ని మార్చి, ఆస్పత్రులకి అది సులువుగా అందేలా చేశారు. నొప్పి తగ్గించే విభాగం ఉంటుందనీ, అడగొచ్చనీ చాలా ఇళ్ళలో తెలీదు. అది తెలుసుకుని ఇంట్లో చెప్పడానికి రూపాయి ఖర్చు అవ్వదు.

ఈ సంక్రాంతికి మీ యూత్ చందాలోంచి పదో వంతు పక్కన పెట్టండి. మీ వీధిలో మంచాన పడ్డ ఒక్క మనిషి పేరు రాయండి. ఒక నెల మందులు, ఒక ఆస్పత్రి ప్రయాణం, రోజుకి గంట ఒకళ్ళు పక్కన కూర్చోవడం. పండగ సెలవులకి ఊరొచ్చినవాళ్ళు వెళ్ళేలోపు ఒకసారి రక్తం ఇవ్వండి. లెక్క రాసి గోడకి అంటించండి.

ఇంకొక్క మాట, ఇది ఇప్పటికే ఇరుక్కున్న తమ్ముళ్ళకి. మత్తుకి అలవాటు పడినవాళ్ళు చిన్న మోతాదు కేసులో తమంతట తాము వైద్యానికి వెళ్తే, శిక్ష లేకుండా చూసే సెక్షన్ ఈ చట్టంలోనే ఉంది, 64ఎ. మత్తు మానడానికి జాతీయ హెల్ప్‌లైన్ 14446. గంజాయి రవాణా సంగతి చెప్పాలంటే ఈగల్ నంబరు 1972. ఎవడైనా పైలటింగ్ చెయ్యమని ఒత్తిడి పెడుతుంటే, మొదటి ట్రిప్పుకి ముందే ఇంట్లో ఒకళ్ళకి చెప్పండి. తిడతారు. తిట్టనివ్వండి. పదేళ్ళ కన్నా పది తిట్లు తేలిక.

హరిదాసు గిన్నెలో పోసే గుప్పెడు బియ్యానికి మన ఇంటి కొలత ఉంటుంది. ఎంత పోశామో మనకి తెలుసు, ఎక్కణ్ణుంచి తెచ్చామో తెలుసు. అలాంటి గుప్పెడు చాలు. వచ్చే ఎపిసోడ్‌లో కొండ కాఫీ రైతుల గురించి మాట్లాడుకుందాం. అందరికీ ముందుగా సంక్రాంతి శుభాకాంక్షలు. ఉంటాను.