డ్యూటీకి ముందు ఆరు ప్రశ్నలు



దస్త్రములతో దినము గడపు పెద్దల యెదుట ఆసుపత్రి ప్రసంగమేలయని కొందరనుకొనవచ్చును. మన ఆర్.కె. పురమునకు సఫ్దర్‌జంగ్ ఆసుపత్రియు, అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థయు చేరువనే యున్నవి. మన కుటుంబములలో వైద్యులును, నర్సులును కలరు. నేనును ఒక నర్సును. నాకు జరిగినదే మీకు విన్నవింతును.

కొన్ని యేండ్ల క్రిందట మా మేనమామగారు గుండె పరీక్షకై ఊరినుండి వచ్చిరి. నేను తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి, స్టేషనుకు పోయి వారిని తీసికొనివచ్చితిని. పగలంతయు వారితో ఆసుపత్రి వరుసలో నిలిచి, సాయంకాలము వంటచేసి, ఆ రాత్రియే అత్యవసర విభాగమున డ్యూటీకి పోతిని. అలసితినని నాకు తోచనేలేదు. అతిథిమర్యాద చక్కగా జరిగినదను తృప్తియే యుండెను.

రాత్రి రెండు గంటలకు ఒక రోగికి ఇంజక్షను సిద్ధముచేసితిని. నియమము ప్రకారము ప్రక్కనున్న మలయాళీ సహోద్యోగిని మందు సీసాను తీసికొని పేరు పైకి చదివెను. అది వైద్యుడు వ్రాసిన మందు కాదు, గాఢమైన పొటాషియము క్లోరైడు! నేరుగా సిరలోనికి పోయినచో గుండె ఆగును. ఆమె నన్ను నిందింపలేదు. “దీదీ, ఎప్పుడు నిద్రపోయితిరి?” అని మాత్రమడిగెను. లెక్క చూడగా 22 గంటలుగా మేలుకొనియుంటిని.

1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రకటించిన పరిశీలన యొకటి కలదు. 17 గంటలు మేలుకొన్నవారి పనితనము, 100 మిల్లీలీటర్ల రక్తమున 50 మిల్లీగ్రాముల మద్యమున్న వారి పనితనమువలె తగ్గినదని అందు తేలెను. మన మోటారు వాహనముల చట్టము 30 మిల్లీగ్రాములు మించినవారిని బండి నడపనీయదు. త్రాగినవానిని వాసన పట్టించును; నిద్రలేనివానిని పట్టించునదేది? తన్ను తాను పరీక్షించుకొనవలసిన బుద్ధియే మందగించియుండును. కొలబద్దయే వంగినపుడు కొలత యెట్లు సరిపడును?

విమాన చోదకులు బయలుదేరుటకు ముందు తమ్ము తాము ఆరు విషయములు ప్రశ్నించుకొందురు. అవి మాకును పనికివచ్చును. జ్వరమో దగ్గో యున్నదా? నిద్రమత్తు కలిగించు జలుబుమాత్ర వేసికొంటినా? ఇంటి చింత మనస్సును పట్టియున్నదా? మద్యపు ప్రభావమున్నదా? గడచిన 24 గంటలలో ఎన్ని గంటలు నిద్రించితిని? అన్నము తిని నీరు త్రాగితినా?

నిద్రను గూర్చిన ప్రశ్నకు “బాగుగనే యున్నాను” అనుట సమాధానము కాదు, అంకె చెప్పవలెను. ఆ అంకెను తోడివారి యెదుట పైకి చెప్పవలెను. మన స్థితి మనకంటె వారికే బాగుగా కనబడును.

“నేను తగనన్నచో నా స్థానమున ఎవరు వత్తురు?” అని అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. ప్రతిసారియు సెలవు దొరకదు. కాని ముందుగా చెప్పినచో పై నర్సు తేలిక పని అప్పగింపవచ్చును. ప్రతి మందును రెండవవారిచే సరిచూపింపవచ్చును. కొంతసేపు కునుకు తీయనీయవచ్చును. వ్యక్తి జాగ్రత్త యొక్కటియే చాలదు. అధికారుల ఏర్పాటును వలయును. రెసిడెంటు వైద్యుల ఎడతెగని డ్యూటీ సాధారణముగా 12 గంటలు మించరాదని కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 1992లోనే ఆదేశించినది.

ఇక కుటుంబములవారికి నా మనవి. ఆహారముతోపాటు నిద్రయు శరీరమును నిలుపు స్తంభమని చరకుడు చెప్పెను. రాత్రి డ్యూటీ చేయువారి పగటినిద్ర సోమరితనము కాదు. వారి యింటి గంట మ్రోగింపకుడు. టెలివిజను ధ్వని తగ్గింపుడు. ఊరి చుట్టములు వైద్యమునకు వచ్చినపుడు, ఆ భారమును డ్యూటీ లేనివారు పంచుకొనుడు.

మా మేనమామగారు మరల వచ్చినపుడు, మా ప్రక్క క్వార్టరులోని గుమాస్తాగారి కుమారుడు వారిని ఆసుపత్రికి తోడ్కొనిపోయెను. ఆ పగలు నేను ఆరు గంటలు నిద్రించితిని. ఆ రాత్రి నా చేత మందు పుచ్చుకొన్న రోగులు ఆ బాలుని ఎరుగరు. వారి తరఫున ఈ సభాముఖమున అతనికి నా కృతజ్ఞతలు.